పరాయి కొలను మర్యాద

షేక్‌పేట సరాయికి దారి అడిగితే చాలామంది ముందు ఫ్లైఓవర్ చూపిస్తారు. 2022 జనవరి 1న తెరిచిన ఆ వంతెన దాదాపు మూడు కిలోమీటర్ల పొడవు. పైకెక్కితే టోలీచౌకి వైపు నుంచి రాయదుర్గం వైపు ఎక్కడా ఆగకుండా వెళ్లిపోవచ్చు. సరాయి చూడాలంటే మాత్రం కింది రోడ్డు పట్టుకోవాలి. రాజమండ్రి నుంచి వేసవి సెలవులకి అక్క వాళ్లింటికి వచ్చిన నేను, ఎండ ముదరకముందే కింది రోడ్డు పట్టుకున్నాను.

కుతుబ్‌షాహీల కాలపు సత్రం అది. రెండంతస్తులు, ముప్ఫై దాకా గదులు, గుర్రాలకీ ఒంటెలకీ కొట్టాలు, ఆనుకుని మసీదు, పేరు తెలియని ఒక సాధువు సమాధి. గోల్కొండకి వచ్చిపోయే వర్తకులు బరువు దించుకున్న చోటు. నగరానికి ఇంకో కొసన హయత్‌నగర్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు అది. అక్కడి మసీదు ఆవరణ చుట్టూ బాటసారుల గదులు, దగ్గర్లో ఏనుగుల బావి అని పిలిచే పెద్ద నుయ్యి. దారి నడిచి వచ్చినవాడికి అన్నం కంటే ముందు కావలసింది నీళ్లు. మనిషి కాళ్లు కడుక్కోవాలి, పశువు తాగాలి. సత్రం కట్టించినవాళ్లు నుయ్యి కూడా తవ్వించింది అందుకే.

బ్రిటిష్ ఇండియాలో 1867లో సరాయిల చట్టం వచ్చింది. అది నిజాం రాజ్యంలోది కాదు. అయినా సత్రం నడిపేవాడి బాధ్యతలు ఏమిటో మన దేశంలో కాగితం మీద పెట్టిన పాత శాసనాల్లో అదొకటి. దాన్ని చదివినప్పటి నుంచీ అందులో మూడు విషయాలు నా మనసులో నిలిచిపోయాయి. గదులు, కాలువలతో పాటు మనుషులూ పశువులూ వాడే బావుల్నీ చెరువుల్నీ శుభ్రం చేయించాలి. కావలివాళ్లని పెట్టాలి. సరాయి వాడకానికి ఎంత తీసుకుంటారో ఆ పట్టీని మెజిస్ట్రేటు చెప్పిన చోట, చెప్పిన భాషల్లో అందరికీ కనబడేలా కట్టాలి. నీళ్ల శుభ్రత, కావలి, ధరల పట్టీ. ఈ మూడూ ఇవాళ్టి హోటల్ స్విమ్మింగ్ పూల్‌కి అచ్చంగా సరిపోతాయి.

పూల్ మాట ఎందుకొచ్చిందంటే, అక్క పిల్లలిద్దరూ ఈత, ఈత అని ప్రాణం తీస్తున్నారు. వాళ్లుండే అపార్ట్‌మెంట్‌కి పూల్ లేదు. కిటికీ తీస్తే ఫిల్మ్‌నగర్ గుట్ట కనిపిస్తుంది. మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాద్‌కి తరలివచ్చాక ఆ రాళ్లగుట్టలే పరిశ్రమకి ఇల్లయ్యాయి. అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో పెట్టారు, తర్వాత ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చింది. మన సినిమాల్లో కలిగినవాళ్ల ఇల్లంటే మెలికలు తిరిగిన మెట్లు, వెనకాల నీలంగా మెరిసే పూల్. ఆ నీలాన్ని తెర మీద చూస్తూ పెరిగిన తరం మాది. అందుకే పూల్ అనగానే మనలో చాలామందికి అది మనకి కాదేమో అన్న జంకు ముందు పుడుతుంది. జంకు ఉన్నచోట అడగడానికి నోరు రాదు. అడగలేనివాళ్లు వెనక్కి తిరుగుతారు, లేకపోతే చాటుగా దూరతారు.

మా బావగారు చాటు దారే చెప్పారు. "మా కజిన్ ఆ పైన హోటల్లోనే దిగాడమ్మా. వాడి రూమ్ నంబర్ చెప్పి వెళ్లిపోండి, ఎవరడుగుతారు?" ఇది మన ఇళ్లల్లో తరచూ వినే మాటే. హోటల్లో పెళ్లి జరుగుతుంటే భోజనాల తర్వాత పిల్లలు పూల్లోకి దూకెయ్యడం ఎంతమంది చూడలేదు! మండపానికి డబ్బు కట్టాం కదా, పూల్ కూడా మనదే అనుకుంటారు. మండపం అద్దె మండపానికే.

నేను ఒప్పుకోలేదు. పూల్ దగ్గర ఉండే మనిషి తలలు లెక్కపెట్టుకుంటాడు. రిజిస్టర్‌లో గది నంబరుకి ఎదురుగా ఇద్దరు అని ఉండి నీళ్లలో అయిదుగురుంటే, ఏదైనా జరిగినప్పుడు జవాబు చెప్పాల్సింది ఆ చిన్న జీతగాడు. పైగా నీళ్లకీ ఒక లెక్క ఉంది. దిగిన ప్రతి ఒంటికీ చెమట, నూనె, సబ్బు అంటుకుని ఉంటాయి. అవన్నీ క్లోరిన్‌ని ఖర్చుపెడతాయి. ఫిల్టర్ మోటారుని ఇంతమంది దిగుతారన్న అంచనాతోనే పెడతారు. గది అద్దెలో ఆ ఖర్చు కలిపి కట్టినవాళ్ల నీళ్లని చెప్పాపెట్టకుండా వాడుకోవడం నాకు దొంగతనంగానే తోస్తుంది. అదే మాట బావగారితోనూ అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, ఫోన్ నంబర్లు వెతికిపెట్టారు.

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ చుట్టుపక్కల హోటళ్లకి ఫోన్లు చేశాను. కొందరు "ఇన్‌హౌస్ గెస్టులకి మాత్రమే మేడమ్" అని మర్యాదగా చెప్పేశారు. అది వాళ్ల హక్కు. సింగపూర్ మెరీనా బే శాండ్స్ 57వ అంతస్తు మీద 150 మీటర్ల పూల్ ఉంది. మనవాళ్లు సింగపూర్ వెళ్తే దాని ముందు ఫోటో దిగాలని తహతహలాడతారు. అక్కడ గది తీసుకున్నవాళ్లకి తప్ప ప్రవేశం లేదు. కీ కార్డు లేనిదే గేటు తెరుచుకోదు. అందులో అవమానమేమీ లేదు, నియమం అందరికీ ఒకటే. ఇంకొందరు డే పాస్ ఇస్తామన్నారు. కట్టిన దాంట్లో కొంత తిండికి వాడుకోవచ్చట. టవల్, లాకర్ అందులోనే. గోవాలోనూ దుబాయ్‌లోనూ ఈ పద్ధతి బాగా నడుస్తోంది. ఊళ్లోని క్లబ్బులది వేరే దారి. సభ్యుడు వెంట వచ్చి పుస్తకంలో సంతకం పెడితేనే అతిథికి అనుమతి, అతిథి చేసిన పనికి సభ్యుడే పూచీ.

నన్ను బాధపెట్టింది ఇంకో రకం జవాబు. "ముందు రండి మేడమ్, రేటు ఇక్కడ చెప్తాం." ఎందుకు? మనిషిని చూసి చెప్పడానికా? దిగిన కారుని చూసి, కట్టిన చీరని చూసి ధర మారుతుందా? అలా మారదనే నమ్మాలని ఉంది. కానీ ధర పట్టీ కట్టమని 1867లో చట్టం ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఆ ఒక్క జవాబుతో నాకు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే సెవెన్ టూంబ్స్ రోడ్డు మీదుగా కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్లాం. షేక్‌పేట నుంచి అదెంతో దూరం కాదు. అక్కడి హమ్మాం గురించి ఇంతకాలం, సుల్తానుల పార్థివ దేహాలకి చివరి స్నానం చేయించిన చోటు అనే చెప్పుకుంటూ వచ్చారు. లోపల వేడినీళ్లకీ చన్నీళ్లకీ వేర్వేరు తొట్లు, రాతి అరుగులు, నీళ్లు పారే గొట్టాల జాడలు చూస్తే, స్నానం ఒక పెద్ద వ్యవహారంగా జరిగిన కాలం కళ్లకి కడుతుంది. ఆవరణలో మెట్లబావులున్నాయి. వాటిలో పెద్దదైన బడీ బావోలీ ఒక పక్క 2013 వానలకి కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ వాళ్లు రాయి రాయి పేర్చి మళ్లీ కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఒకటి దక్కింది. ఇప్పుడు ఆ బావి మళ్లీ వాననీటిని పట్టుకుంటోంది, ఆవరణలో మొక్కలకి ఆ నీళ్లే వాడుతున్నారు.

పెద్దాడు "పిన్నీ, ఇందులో దిగనివ్వరా?" అన్నాడు. దిగనివ్వరు. మెట్లబావిలో అడుగు లోతు తెలియదు, పాకుడు ఉంటుంది, కాపాడే మనిషి ఉండడు. పైగా మొక్కల కోసం దాచిన నీళ్లు. వాడికది చెప్తే సరేనన్నాడు. కారణం చెప్తే పిల్లలు ఒప్పుకుంటారు. పెద్దవాళ్లకీ అంతే చాలు, కానీ మన బోర్డుల మీద "నిషేధం" అన్న మాట ఉంటుంది, "ఎందుకు" అన్నది ఉండదు.

సాయంత్రం గుట్ట మీది హోటల్‌కి వెళ్లాం, ఫోన్లోనే ధర చెప్పిన చోటికి. పూల్ దగ్గర ఒక నడివయసు లైఫ్‌గార్డ్. మమ్మల్ని చూడగానే ముందు తలల వైపు చూశాడు. "నూనె పెట్టుకున్నరా మేడమ్? షవర్ల షాంపూ ఉంది, తల కడుక్కొని రండి" అన్నాడు. కొబ్బరినూనె పెట్టని తెలుగింటి తల ఉంటుందా! నీళ్ల మీద ఆ నూనె పల్చటి పొరలా తేలుతుంది, పూల్ అంచు పలకల మీద జిడ్డు గీతగా మిగులుతుంది, ఫిల్టర్ ఇసుకలో చేరి దాన్ని గడ్డ కట్టిస్తుంది. పూల్ దగ్గర ముక్కు మండే ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి, కళ్లు ఎర్రబడటం వాటివల్ల. నీళ్లలో దిగే ముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే ఆ బెడద చాలా తగ్గుతుంది. విరేచనాలు తగిలిన పిల్లల్ని దింపకూడదన్న నియమం ఇంకా ముఖ్యం. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి సరిగ్గా క్లోరిన్ వేసిన నీళ్లలో కూడా వారం దాటి బతుకుతుంది. పరాయి ఊళ్లో తిండి మారి కడుపు పాడైన పిల్లాడిని, డబ్బు కట్టేశాం కదా అని నీళ్లలో దింపే తల్లిదండ్రులకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

బట్టల దగ్గరే అసలు గొడవ. మాకు గోదావరి అలవాటు. పుష్కర ఘాట్‌లోనైనా కోటిలింగాల రేవులోనైనా ఆడవాళ్లం చీరతోనే మునుగుతాం. అది పారే నది, ఏదొచ్చినా తీసుకుపోతుంది. పూల్‌లో అవే నీళ్లు ఫిల్టర్‌లోంచి తిరిగి తిరిగి వస్తాయి. నూలు బట్ట పీచు వదులుతుంది, రంగు వదులుతుంది, ఉతికిన సబ్బు దాచుకుంటుంది, క్లోరిన్ పీల్చుకుంటుంది. పైగా తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. ఈత రానివాళ్లకి అది ప్రమాదం. కాబట్టి నైలాన్, లైక్రా అనే నియమం న్యాయమైనదే. కానీ నియమం బట్ట రకం గురించి ఉండాలి, ఎంత ఒళ్లు కప్పుకున్నామన్నదాని గురించి ఉండకూడదు. మణికట్టు దాకా, చీలమండ దాకా కప్పే ఈత దుస్తులు స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతున్నాయి. అక్కా నేనూ అవే కొనుక్కున్నాం. "ఇది నడుస్తది మేడమ్, గుడ్డ మంచిదే" అని లైఫ్‌గార్డ్ వేళ్లతో అంచు తడిమి చూసి ఒప్పుకున్నాడు. ఆయన చూసినది గుడ్డనే. అక్కకి ధైర్యం వచ్చింది అప్పుడే. నలభై దాటాక మొదటిసారి నీళ్లలో తేలింది.

ఆడవాళ్లు పూల్‌కి రాకపోవడానికి కాస్ట్యూమ్ కంటే పెద్ద కారణం చూపులు, ఫోన్లు. గట్టు మీద కుర్చీలో కూర్చుని తన పిల్లల్ని వీడియో తీస్తున్నానంటాడు ఒకాయన. ఫ్రేములో పడేది పక్కింటి ఆడపిల్ల. ఎవరి మొహమైనా పడేలా ఫోన్ ఎత్తేముందు వాళ్లని అడగాలి. పూల్ దగ్గర పాటించాల్సిన అన్ని మర్యాదల్లోకీ దీన్ని నేను మొదట పెడతాను. పట్టించుకోని చోట ఆడవాళ్లకి విడిగా ఒక వేళ పెట్టమని అడగడంలో తప్పు లేదు.

అతిథి వెంట వచ్చిన అతిథి సంగతికి వస్తే, లోకంలో ఈ ప్రశ్న అన్నిటికంటే తీవ్రంగా తేలింది ఒక మోటెల్ పూల్‌లోనే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, సెయింట్ అగస్టీన్ పట్నం, మాన్సన్ మోటార్ లాడ్జ్, 1964 జూన్ 18. తెల్లవాళ్లకి మాత్రమే అన్న ఆ చోట గది అద్దెకి తీసుకున్న తెల్లజాతి ఉద్యమకారులు, నల్లజాతి మిత్రుల్ని "వీళ్లు మా అతిథులు" అని చెప్పి పూల్‌లోకి తీసుకెళ్లారు. మేనేజర్ మ్యూరియాటిక్ యాసిడ్ తెచ్చి నీళ్లలో పోశాడు. పూల్ శుభ్రతకి వాడే మామూలు యాసిడే అది. నీళ్లలో ఉన్నవాళ్లని పోలీసులు బయటికి లాగి అరెస్టు చేశారు. ఆ ఫోటోలు పత్రికల్లో లోకమంతా తిరిగాయి. మర్నాడే పౌరహక్కుల బిల్లు సెనేట్‌లో గట్టెక్కింది, జూలై 2న చట్టమైంది.

ఇవాళ డాలస్‌లో మా కజిన్ ఉండే అపార్ట్‌మెంట్ పూల్ గోడ మీద ఒక్కో ఇంటికి ఇంతమంది అతిథులే అని, ఇంటివాళ్లు వెంట ఉండాలని, లైఫ్‌గార్డ్ లేడు కాబట్టి పిల్లలతో పెద్దవాళ్లుండాలని రాసి ఉంటుంది. తెలుగువాళ్లం పుట్టినరోజుకి ఇరవైమందిని పిలుస్తాం, అందరం ఒక్కసారే దిగుతాం. ఇరుగుపొరుగుకి కుర్చీ మిగలదు. అలాంటప్పుడు అభ్యంతరం చెప్పినవాడు మన రంగు చూసి అన్నాడా, మన సంఖ్య చూసి అన్నాడా అన్నది తేల్చుకోవాలి. సంఖ్య చూసి అంటే అతనిదే న్యాయం.

మన దగ్గర మాత్రం నీళ్ల కోసం పెట్టిన నియమం, మనిషిని చూసి పెట్టిన నియమం రెండూ ఒకే రేవులో పెనవేసుకుని ఉండేవి. తాగేనీళ్లు పైరేవులో ముంచుకోవాలి, బట్టలు కిందిరేవులో, గేదెలు ఇంకా కింద. ఇది నీళ్లని కాపాడే తెలివి. ఎవరు ఏ రేవులో దిగాలో కులాన్ని బట్టి తేల్చింది మరొకటి, అది నీళ్లకి చేసిన మేలేమీ లేదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లని పెత్తందారీ కులం కుర్రాడు గేదెల కుడితి బకెట్ కడిగి మురికి చేస్తుంటే అడ్డుచెప్పారు. అడ్డుచెప్పినవాళ్లలో బిందె ఎత్తి నిలబడ్డ స్త్రీ కూడా ఉంది. నీళ్ల మర్యాద చెప్పింది వాళ్లు. దానికి ప్రతిగా జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఎవర్నీ ఆపకూడదని చెప్తూ దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని వరసగా పేర్లు పెట్టింది. హోటల్‌నీ స్నానఘట్టాన్నీ పక్కపక్కన రాయాల్సి వచ్చిందంటే, ఈ దేశంలో మనిషిని ఆపిన చోట్లు ఏవో రాసినవాళ్లకి బాగా తెలుసు.

ఇక కావలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో నాలుగోవంతు మంది అయిదేళ్ల లోపు పసివాళ్లు. మునిగేవాళ్లు సినిమాలోలా కేకలు వెయ్యరు. నోరు నీటి మట్టానికి పైకీ కిందకీ ఆడుతుంటే అరవడానికి ఊపిరి ఉండదు. హోటల్‌లో లైఫ్‌గార్డ్ ఉన్నాడని తల్లి ఫోన్ చూసుకుంటుంది, తల్లి ఉంది కదా అని అతను టవళ్లు మడుస్తాడు. ఆ సాయంత్రం చిన్నాడు చేయి చాపితే అందే దూరంలోనే ఉన్నాను, వాడికి మెడలోతు లేని చోట కూడా. నాలుగడుగుల లోతులో తలకిందులుగా దూకబోయిన ఎవరో కుర్రాణ్ణి లైఫ్‌గార్డ్ విజిల్ ఊది ఆపాడు. వాడు చిరాకుపడ్డాడు. అంత లోతులో తల నేలకి తగిలితే మెడ విరిగి జీవితాంతం మంచం మీదే ఉండాలని ఆయన దగ్గరికి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. ఆయనకి టిప్ ఇవ్వబోతే వద్దన్నాడు, అక్క ఇచ్చిన టీ మాత్రం తాగాడు.

చెప్పిన వేళకి అయిదు నిమిషాల ముందే పిల్లల్ని బయటికి లాగాం. తడి కాళ్లతో లాబీలోకి వెళ్లకుండా ఒళ్లు తుడిచి బట్టలు మార్చాం, టవళ్లు బుట్టలో వేశాం. డబ్బు కట్టేటప్పుడు కౌంటర్‌లో ఉన్న మేనేజర్‌తో, ఫోన్‌లోనే ధర చెప్పినందుకు థాంక్స్ చెప్పాను. అదే ధర గేటు దగ్గర బోర్డు మీద తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్‌లలో రాసిపెట్టమని, షేక్‌పేట బస్తీల నుంచి వచ్చేవాళ్లు కూడా లోపలికి రాకుండానే చదువుకోగలిగేలా ఉండాలని అడిగాను. ఆయన పెన్ను తీసి రాసుకున్నారు.

"సండే రేటు వేరే ఉంటది మేడమ్. అది కూడా రాయాల్నా?"

"సండే రేటు కూడా రాయండి. దిగే ముందు షవర్ ఎందుకో, నైలాన్ ఎందుకో కూడా రాయండి."